అనుభవం ఉందా అని అడిగితే... – మన పిల్లల తొలి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం

(కొమురవెల్లిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా మూడే విషయాలుంటాయి. డి.ఆర్. బకాయిలు, పి.ఆర్.సి., హెల్త్ కార్డులు. ఈసారి కార్యదర్శిగారు నన్ను వేరే విషయం మాట్లాడమన్నారు. కారణం ఉంది. నేను ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ విభాగంలో పాఠాలు చెప్పి రిటైరైనవాడిని. ట్రెజరీ దగ్గర కలిసినా, బ్యాంకులో కలిసినా, ఇక్కడ గుట్ట మెట్ల మీద కలిసినా మన సభ్యులు నన్ను ఆపి అడిగేది ఒకటే: "సార్, మా మనవడు బి.టెక్. అయ్యి ఏడాదిన్నర అయింది. ఎక్కడికి పోయినా ఎక్స్‌పీరియన్స్ ఉందా అంటున్నారట. ఏం చేయమంటారు?"

ఆ పిల్లవాడు ఇంట్లో అనే మాట కూడా మీకు తెలుసు. "తాతా, ఉద్యోగం ఇయ్యకుంటే ఎక్స్‌పీరియన్స్ ఎక్కడ్నుంచి వస్తది?" అంటాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకని దాన్ని కొట్టిపారేయకుండా, ఎందుకిట్లా అయిందో, దీనికి దారి ఏమిటో, మన ఇళ్ళల్లో రిటైర్‌మెంట్ డబ్బు ఏ దారిన పోతున్నదో మూడూ కలిపి చెబుతాను.

మనం ఉద్యోగాల్లో చేరిన రోజులు గుర్తు చేసుకోండి. ఎల్.డి.సి.గా చేరినవాణ్ణి ఎవరూ అనుభవం అడగలేదు. పరీక్ష రాశాం, ఆర్డరు వచ్చింది, చేరాం. పని అంతా సెక్షన్‌లో సీనియర్ల పక్కన కూర్చుని నేర్చుకొన్నాం. ప్రొబేషన్‌లో డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసయ్యాం. అంటే ముందు ఉద్యోగం, తరువాత నేర్పడం. సర్కారు ఆ ఖర్చు భరించింది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు కూడా చాలాకాలం అట్లాగే చేశాయి. హైదరాబాదులో ఈ వృత్తికి పునాది సర్కారు సంస్థలే వేశాయన్నది పిల్లలకు తెలియదు. 1967లో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. మన దేశంలోనే కంప్యూటర్లు తయారు చేసింది. సి.ఎం.సి. వారి పరిశోధన కేంద్రం సికింద్రాబాదులో ఉండేది. మనం రైల్వే స్టేషన్లో నిలబడి తీసుకొన్న కంప్యూటర్ రిజర్వేషన్ టికెట్టు వెనుక ఉన్నది ఆ సి.ఎం.సి.యే. 1987లో సత్యం కంప్యూటర్స్ వచ్చింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే కాలంలో ఇంకొక గమ్మత్తు జరిగింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండు అంకెలతోనే రాసేవారు. మనం సర్వీసు రిజిస్టర్లో '1-7-58' అని రాసినట్లే. 2000 సంవత్సరం వస్తే '00' అంటే 1900 అనుకొని లెక్కలు తలకిందులవుతాయని ప్రపంచమంతా భయపడింది. అవి సరిదిద్దడానికి వేలమంది కావలసివచ్చారు. ఏ డిగ్రీ అయినా సరే, అమీర్‌పేటలో మూడు నాలుగు నెలలు కోబాల్ నేర్చుకొని అమెరికా విమానమెక్కినవారున్నారు. మన ఊళ్ళల్లో 'సాఫ్ట్‌వేర్ అల్లుడు' అనే మాటకు గిరాకీ వచ్చింది అప్పుడే.

ఆ తరువాత పెద్ద కంపెనీలు కాలేజీలకే వచ్చి, మార్కులు చూసి, ఒక పరీక్ష పెట్టి, సివిల్, మెకానికల్ పిల్లలను కూడా వందల్లో తీసుకొని, నెలల తరబడి జీతమిచ్చి నేర్పాయి. మన మనసుల్లో నిలిచిపోయింది ఆ బొమ్మే. బి.టెక్. చదివిస్తే చాలు, తరువాత కంపెనీయే చూసుకొంటుందని.

ఇప్పుడు ఆ తలుపు మూసుకోలేదు గాని సన్నబడింది. 2001లో ఒకసారి, 2008-09లో ఒకసారి ఇట్లాగే సన్నబడి మళ్ళీ తెరుచుకొన్న చరిత్ర ఉంది. 2021, 22లలో కంపెనీలు ఎడాపెడా చేర్చుకొన్నాయి. వెంటనే పని తగ్గింది. 2022లో ఆఫర్ లెటర్ అందుకొన్న కొందరు పిల్లలు 2024 దాకా జాయినింగ్ తేదీ కోసం ఎదురుచూసిన సంగతి పత్రికల్లో చదివాం. టి.సి.ఎస్. వంటి సంస్థలోనే 2023-24 ఆర్థిక సంవత్సరంలో ఉద్యోగుల సంఖ్య 13 వేలకు పైగా తగ్గింది. దీనికి తోడు 2022 నవంబరులో చాట్ జి.పి.టి. వచ్చింది. కొత్తగా చేరిన కుర్రవాడికి మొదటి ఏడాది ఇచ్చే చిన్నచిన్న పనులను ఇప్పుడు యంత్రమే రాసిపెడుతున్నది. కాబట్టి 'మనవాడు తెలివితక్కువవాడు, పక్కింటివాడు 2021లో చేరలేదా' అని ఇంట్లో పోల్చడం మానేయాలి. పక్కింటివాడు ఎక్కిన బస్సు వేరు, ఆ రోజు సీట్లు ఖాళీగా ఉన్నాయి.

ఇక డబ్బు సంగతి. కొంచెం నిలబడి చెప్పవలసిన విషయం ఇది.

అమీర్‌పేట అంటే నాకు చిన్నచూపు లేదు. మైత్రీవనం చుట్టుపక్కల గల్లీల్లో, ఆదిత్య ఎన్‌క్లేవ్ గదుల్లో, తక్కువ ఫీజుతో, పనిచేస్తున్నవాళ్ళే ఉదయం ఏడుగంటలకు వచ్చి చెప్పిన పాఠాలు విని వేలమంది పల్లెటూరి పిల్లలు బాగుపడ్డారు. తెలుగు మీడియంలో చదివి, ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు పాఠం బోధపడనివాడికి అక్కడ తెలుగులో చెబితే అర్థమైంది. కరోనా తరువాత ఆ పాఠాలు చాలావరకు ఇంటికే ఆన్‌లైన్లో వస్తున్నాయి. నేర్పేవాడికి ఫీజు కట్టడంలో తప్పేమీ లేదు.

తప్పు ఇంకోచోట ఉంది. కోర్సు అయిపోయిన తరువాత ఒకాయన పిలుస్తాడు. "ఫ్రెషర్‌గా పోతే ఏం రాదు. మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం. ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటరు అన్నీ మావే. ఇంటర్వ్యూలో కూడా మా మనిషి సాయం చేస్తాడు" అంటాడు. దీన్ని వాళ్ళు 'బ్యాక్ డోర్' అనో, 'కన్సల్టెన్సీ' అనో అంటారు. మన సభ్యుల్లో ఒకరు (పేరు వద్దు, ఆయన ఈ రోజు రాలేదు) గ్రాట్యుటీలోనుంచి రెండు లక్షలు అట్లా కట్టారు. ఆ కుర్రవాడు ఒక కంపెనీలో చేరాడు కూడా. స్వీట్లు పంచారు. అయిదో నెలలో మెయిల్ వచ్చింది, మరునాటినుండి రావద్దని. డబ్బు కట్టించుకొన్నాయన ఫోను ఎత్తడం మానేశాడు. పోలీసు స్టేషనుకు పోదామా అంటే, దొంగ సర్టిఫికెట్టు వాడిన తప్పు మనవడిది కూడా కదా, ఎట్లా పోతారు?

ఎట్లా దొరుకుతారో మీకు నేను చెప్పనక్కరలేదు, మీ భాషలోనే ఉన్నది. సర్వీసు రిజిస్టరు. ప్రైవేటు ఉద్యోగికి సర్వీసు రిజిస్టరు లేదనుకొంటాం గాని, ఉంది. 2014 నుండి ప్రావిడెంట్ ఫండ్ చందాదారుకు యు.ఎ.ఎన్. అనే ఒకే నంబరు ఇస్తున్నారు. ఎన్ని కంపెనీలు మారినా నంబరు మారదు. ఏ కంపెనీలో ఏ తేదీన చేరాడు, ఏ తేదీన వదిలాడు అన్నీ అందులో వరుసగా కనబడతాయి. మూడేళ్ళు పనిచేశానన్నవాడికి మూడేళ్ళ చందా లేకపోతే అడుగుతారు. ఆదాయపు పన్ను కాగితాలు అడుగుతారు. ఈ తనిఖీకే ప్రత్యేకంగా సంస్థలున్నాయి. చేరేముందే తేలకపోవచ్చు, చేరిన ఆరు నెలలకు తేలవచ్చు, రెండేళ్ళ తరువాత కంపెనీ మారేటప్పుడు తేలవచ్చు. కొందరు ఘనులు 'పి.ఎఫ్. కూడా మేమే కడతాం' అంటున్నారు. అట్లాంటి ఉత్తుత్తి కంపెనీల పేర్లు పెద్ద సంస్థల దగ్గర జాబితాలుగా ఉంటాయి. ఆ జాబితాలో ఉన్న పేరు ఒకసారి మన పిల్లవాడి యు.ఎ.ఎన్.లో పడితే దాన్ని చెరపడం కష్టం. దొంగ కాగితం పెట్టడం ఫోర్జరీ, దానితో ఉద్యోగం పొందడం మోసం. మన రోజుల్లో 'నాలుగు వందల ఇరవై' అనేవాళ్ళం. 2024 జూలై నుండి కొత్త న్యాయ సంహితలో ఆ నంబరు 318 అయింది. నంబరు మారింది గాని నేరం మారలేదు.

ఇంకొకటి. వాళ్ళు ఎంత జీతానికి ఇంత ఆశ చూపిస్తున్నారో కూడా తెలుసుకోండి. పెద్ద సర్వీసు కంపెనీల్లో ఫ్రెషర్‌కు మొదటి జీతం చాలాకాలంగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతున్నది. నెలకు లెక్కవేసి కోతలు పోను చూస్తే, ఈ హాల్లో కూర్చున్న కొందరి పెన్షన్ అంతకంటే ఎక్కువే. నవ్వకండి, నిజం.

మరి అనుభవం ఎక్కడినుంచి తేవాలి?

ఇంటర్వ్యూలో కూర్చున్నవాడు 'అనుభవం ఉందా' అని అడిగినప్పుడు నిజానికి అతడు తెలుసుకోదలచినది ఒకటే: ఈ పిల్లవాడికి పని అప్పగిస్తే, పక్కన ఎవరో ఒకరు రోజంతా కూర్చోనవసరం లేకుండా, చిక్కు వచ్చినప్పుడు విప్పుకోగలడా? ఎవరికైనా ఉపయోగపడేదాన్ని మొదటినుండి చివరిదాకా ఒక్కటైనా చేశాడా? అపాయింట్‌మెంట్ ఆర్డరు దానికి ఒక రుజువు. అదొక్కటే రుజువు కాదు. ఇక్కడ మల్లన్న పట్నం వేసే ఒగ్గు పూజారుల పిల్లలను చూడండి. పెద్దపట్నం వేసేనాడు ఎవరూ వాళ్ళను సర్టిఫికెట్ అడగరు. చిన్నప్పటినుండి పెద్దల వెంట పోయి, తాళం కొట్టి, వంత పాడి, చిన్న పట్నాలకు ముగ్గు అందిస్తూ చేయి తిరిగినవాడికి ఒకనాడు రంగు చేతికిస్తారు. అంతే.

సాఫ్ట్‌వేర్‌లో సౌకర్యమేమంటే, ఆ 'చిన్న పట్నం' ఇంట్లో కూర్చుని వేయవచ్చు. సివిల్ ఇంజనీరు ఇంట్లో వంతెన కట్టలేడు. ప్రోగ్రామరు ప్రోగ్రాము రాయగలడు. 1991లో ఫిన్లండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి తన గదిలో కూర్చుని మొదలుపెట్టిన లైనక్స్ ఈనాడు ప్రపంచంలోని పెద్ద పెద్ద కంప్యూటర్లన్నింటిలో నడుస్తున్నది. మన జేబులో ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది కూడా అదే. అందరూ టోర్వాల్డ్స్ కానక్కరలేదు. కాని ఏదో ఒకటి, నిజంగా ఒకరికి పనికివచ్చేది చేయాలి.

ఇక్కడే పిల్లలు తడబడుతున్నారు. రెజ్యూమెలో ప్రాజెక్టు అని రాస్తారు. చూస్తే 'లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్'. లేకపోతే 'హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్'. నేను పాఠాలు చెప్పినన్నాళ్ళూ అవే, ఈనాడూ అవే. కొందరు ఫైనలియర్లో డబ్బులిచ్చి కొన్నవే పెడతారు. ఇంటర్వ్యూ చేసేవాడు అట్లాంటివి రోజుకు పది చూస్తాడు. 'ఈ లైబ్రరీలో పుస్తకాలెన్ని, ఎవరు వాడుతున్నారు?' అని ఒక్క ప్రశ్న వేస్తే ఆ కట్టడం కూలిపోతుంది. లైబ్రరీ లేదు, వాడేవాడూ లేడు.

వాళ్ళ దగ్గర లేనిది నిజమైన సమస్య. అది మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. ఒక ఉదాహరణ చెబుతాను, ఇది మీకందరికీ తెలిసిన లెక్కే.

మనం పెన్షన్‌లో కొంతభాగం కమ్యూట్ చేశాం. 15 ఏళ్ళు నిండితే ఆ భాగం మళ్ళీ కలవాలి. ఎవరికి ఎప్పుడు నిండుతుందో మన సంఘంలో ఒక పుస్తకంలో రాసుకొంటున్నారు. ఒక్కొక్కరికి తేదీ దాటిపోయిన తరువాత గుర్తొస్తున్నది. దీనికి ఒక ప్రోగ్రాము రాయరా అని నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రవాడికి చెప్పాను. వాడు బి.టెక్. పాసై పది నెలలు. "ఇదేం ప్రాజెక్టు సార్, తేదీకి 15 కలపడమే కదా" అన్నాడు. సరే రాయమన్నాను. సాయంత్రానికి తెచ్చాడు.

ఒక సభ్యురాలి వివరాలు ఇచ్చాను. 58 ఏళ్ళు నిండి 29-2-2008 నాడు రిటైరయ్యారు. ఆ తేదీ వేయగానే ప్రోగ్రాము తప్పు చూపి ఆగిపోయింది. ఎందుకంటే 2023లో ఫిబ్రవరికి 29 లేదు. వాడు పైథాన్‌లో రాశాడు కాబట్టి ఆగిపోయింది. అదే జావాస్క్రిప్ట్‌లో రాసి ఉంటే చప్పుడు చేయకుండా మార్చి 1 అని చూపించేది. ఏది నయమని అడిగాను. ఆగిపోవడం చెడ్డదన్నాడు మొదట. రాత్రంతా ఆలోచించి, మరునాడు వచ్చి, చప్పుడు చేయకుండా ఏదో ఒక తేదీ చూపడమే ఎక్కువ ప్రమాదమన్నాడు. నిజానికి మినహాయింపు మొదలైనది రిటైరైన నాటినుండి కాదు, ఆర్డరు ప్రకారం మొదలైన తేదీ నుండి కదా, అసలు అడగవలసిన తేదీయే వేరు అని అప్పుడు చెప్పాను. వాడి మొహం చూడాలి.

తరువాత ఇంకొక చిక్కు. పుట్టిన తేదీ ఇస్తే రిటైర్‌మెంటు తేదీ ప్రోగ్రామే లెక్కగట్టాలన్నాను. నెలలో ఏ తేదీన పుట్టినా ఆ నెలాఖరుకు రిటైరవుతారు. కాని 1వ తేదీన పుట్టినవారు ముందునెల ఆఖరుకే రిటైరవుతారు. మనలో ఎంతమందికి బళ్ళో చేర్పించిన పంతులుగారు జూలై 1 వేశారో లెక్క లేదు! వారందరూ జూన్ 30న ఇంటికొచ్చారు. ఆ కుర్రవాడికి ఈ నిబంధన సంగతే తెలియదు. ఏ పుస్తకంలోనూ, ఏ అమీర్‌పేట క్లాసులోనూ చెప్పరు. మన సూపరింటెండెంటుగారొకరు వాడికి కూర్చోబెట్టి చెప్పారు. రాష్ట్రం వచ్చాక 2021లో వయస్సు 61 అయిన సంగతి, అంతకుముందు ఎవరికి ఎంత వర్తించిందో, అన్నీ ఆయన నోటినుంచే. వాడు మూడువారాలు తిరిగి, అడిగి, మార్చి, ఇరవై మూడుమంది సభ్యుల తేదీలు పుస్తకంతో సరిచూసి పూర్తిచేశాడు. రెండుచోట్ల పుస్తకంలోనే తప్పు బయటపడింది.

ఈ పనికి అర్హత ఉన్న రుజువు ఎట్లా చూపాలి? గిట్‌హబ్ అనేది ఒకటుంది. 2008 నుండి ఉన్నది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే నోట్ ఫైలు వంటిది. ప్రోగ్రాములో ఏ తేదీన, ఎవరు, ఏ మార్పు, ఎందుకు చేశారో వరుసగా నమోదై ఉంటుంది. ఫైలు తిరగేసి, మధ్యలో ఉన్న నోటింగులు చదివి, సెక్షన్ క్లర్కు పనిమంతుడో కాదో మనం చెప్పేవాళ్ళం కదా. వాళ్ళూ అంతే. 'ఫిబ్రవరి 29 సమస్య సరిచేయబడినది', '1వ తేదీ జన్మదినం నిబంధన చేర్చబడినది' అని తేదీలతో సహా ఉంటే, ఒకేరోజు ఎక్కడినుంచో తెచ్చి పడేసిన ప్రాజెక్టు కాదని చూడగానే తెలుస్తుంది. అది చూడడానికి ఖర్చు లేదు, పెట్టడానికీ లేదు. సభ్యుల పేర్లు, పి.పి.ఓ. నంబర్లు మాత్రం అందులో పెట్టరాదు. ఆ సంగతి వాడికి నేను మొదటిరోజే గట్టిగా చెప్పాను. మన వివరాలు బజారున పడకూడదు గదా.

ఇంటర్వ్యూలో వాణ్ణి ముప్పావు గంట అడిగింది ఈ తేదీల లెక్కేనట. కంపెనీ చిన్నది, మాదాపూర్‌లో ఒక అంతస్తులో సగం. జీతం పెద్దది కాదు. చేరాడు. అంతకుముందు అరవై, డెబ్బై చోట్ల దరఖాస్తు పెట్టాడు. ఈ ఒక్క ప్రోగ్రాముతోనే వచ్చిందని నేననను. ఆ కంపెనీకి ఆ నెలలో మనిషి కావలసి ఉంది, వీడి సీనియరొకడు అక్కడ పనిచేస్తూ పేరు చెప్పాడు. మొదటి ఉద్యోగంలో అదృష్టం పాలు ఎప్పుడూ ఉంటుంది. కాని సీనియరు పేరు చెప్పడానికి కూడా, చూపడానికి ఏదో ఒకటి ఉండాలి గదా.

కృత్రిమ మేధ ఇవన్నీ రాసిపెడుతుంటే పిల్లవాడు నేర్చుకొని ఏం లాభమని కొందరు అడుగుతున్నారు. అది రాసిపెట్టే మాట నిజమే. ఆ కుర్రవాడూ వాడుకొన్నాడు, నేను వద్దనలేదు. కాని ఎవరైనా అడిగితేనేగాని 1వ తేదీన పుట్టినవారి సంగతి అది తనంతట తాను ప్రస్తావించదు. అడగాలని తెలియాలంటే సూపరింటెండెంటుగారి దగ్గర కూర్చోవాలి. పైగా ఇంటర్వ్యూలో 'ఈ వరుస ఎందుకు రాశావు' అంటే నోరు తెరవలేనివాడికి, ఎవరు రాసిపెట్టినా ఒకటే.

మిగతా దారులు క్లుప్తంగా చెబుతాను. టి.సి.ఎస్. వంటి కంపెనీలు కాలేజీకి రాకున్నా రాసుకొనే పరీక్షలు పెడుతున్నాయి. లెక్కలు, ఇంగ్లీషు, కోడింగ్ ఉంటాయి. మన గ్రూప్స్ పిల్లలు చదివినట్లే రోజూ కూర్చుని సాధన చేయాలి. పదో తరగతి నుండి 60 శాతం ఉండాలనే నిబంధన చాలాచోట్ల ఉంది, అది లేనివారు ఆ దరఖాస్తులమీద ఏడాది పోగొట్టుకోవద్దు. చిన్న కంపెనీలు అంతగా పట్టించుకోవు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిగ్రీ, డిప్లొమా వారికి ఒక ఏడాది శిక్షణ ఉంది. స్టైపెండులో కొంత కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది, చివర సర్టిఫికెట్టు వస్తుంది. అందులో ఒక తమాషా ఉంది. ఏడాది, ఆపైన అనుభవం ఉన్నవారికి అక్కడ చోటు లేదు! మన పిల్లలకు అనుభవం లేకపోవడమే అర్హత అయిన చోటు అదొక్కటే. చదువైన కొత్తలోనే నమోదు చేయించాలి. పాఠాలకోసం ఐ.ఐ.టి. ఆచార్యులు చెప్పిన ఎన్.పి.టి.ఇ.ఎల్. కోర్సులు ఉచితంగా వినవచ్చు, పరీక్ష రాస్తేనే ఫీజు. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ 'టాస్క్' కూడా కాలేజీ పిల్లలకు శిక్షణ ఇస్తున్నది. సిద్దిపేటలో 2023లో ఐ.టి. టవర్ ప్రారంభమైంది, అదే ఏడాది అక్టోబరులో సిద్దిపేటకు రైలూ వచ్చింది. అక్కడి అవకాశాలు హైదరాబాదుతో పోల్చదగినవి కావు. కాని ఆడపిల్లను వెంటనే దూరం పంపడానికి జంకే తల్లిదండ్రులు మొదటి విచారణ అక్కడ చేసుకోవచ్చు.

రెజ్యూమె గురించి ఒక్క మాట. మన రోజుల బయోడేటా వేరు. తండ్రి పేరు, కులం, పుట్టుమచ్చలు, ఎత్తు అవేమీ అక్కరలేదు. ఒక్క పేజీ చాలు. పైన చేసిన పని, కింద చదువు. నిన్న ఒక అమ్మాయి చూపించింది, మొదటి సగం పేజీ 'నేను కష్టపడే స్వభావం కలదానను' అనే ఉంది. అది అందరూ రాస్తారమ్మా, కష్టపడి ఏం చేశావో అది రాయమన్నాను.

ఇంట్లో మనం చేయగలిగినదేమిటి? డబ్బుకంటే ముందు గడువు ఇవ్వండి. ఏడాదో, ఏడాదిన్నరో, కూర్చుని మాట్లాడుకొని ఒక తేదీ పెట్టుకోండి. ఆ లోపల పొద్దున లేవగానే 'ఏమైందిరా' అని అడగవద్దు. పెళ్ళికి, పుణ్యానికి వెళ్ళినప్పుడు నలుగురిలో అడగడం అసలే వద్దు. ఆ ప్రశ్న తప్పించుకోవడానికే చాలామంది పిల్లలు దొంగ కాగితాల దారి పడుతున్నారు, నాకు తెలుసు, నాతో చెప్పుకొన్నారు. గడువు దాటితే వేరే ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు ఈ ప్రయత్నం కొనసాగించనివ్వండి. అదీ ఓడిపోవడం కాదు. బ్యాంకులోనో, మందుల కంపెనీలోనో పనిచేసినవాడికి ఆ పని గుట్టుమట్లు తెలుస్తాయి. ఆ రంగానికి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలకు అది తెలిసినవాడు కావాలి.

సంక్రాంతి దాటిన మొదటి ఆదివారం ఇక్కడ పట్నం వారం. హైదరాబాదు వాళ్ళందరూ మల్లన్న దగ్గరకు వస్తారు. మన పిల్లలు పట్నం పోయేది మిగతా వారాలన్నీ. ఆ పట్నం వారం నాడు మీ బంధువుల్లో, పాత విద్యార్థుల్లో సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవారు తప్పకుండా వస్తారు. పట్టుకోండి. 'మావాడికి ఉద్యోగం ఇప్పించు' అని అడగవద్దు, వాళ్ళు ఇబ్బంది పడి తప్పించుకొంటారు. 'మావాడు చేసిన పని ఒక పావుగంట చూసి, ఎక్కడ బాగాలేదో చెప్పు' అని అడగండి. కాదనేవాడు తక్కువ.

ప్రసంగం తరువాత సభ్యులు కొన్ని ప్రశ్నలు అడిగారు. వాటిలో రెండింటికి చెప్పిన జవాబులు సంపాదకుల కోరికపై చేర్చుతున్నాను.

ఒక సోదరి తన మనవరాలికి చదువు పూర్తయి మూడేళ్ళు గ్యాప్ వచ్చిందని, తల్లి అనారోగ్యంవల్ల ఇంట్లో ఉండిపోయిందని, ఆ మూడేళ్ళు ఏదో కంపెనీలో చేసినట్లు పెట్టిస్తే తప్పేమిటని అడిగారు. ఉన్నది ఉన్నట్లు ఒక వాక్యంలో రాయమన్నాను: 'తల్లి సంరక్షణ కోసం ఇంటివద్ద ఉన్నాను'. దాన్ని తప్పుపట్టే కంపెనీలు కొన్ని ఉంటాయి, దాచను. చిన్న సంస్థల్లో, ఇటీవలి ఆరు నెలల్లో ఏం చేసిందన్నదే ఎక్కువ చూస్తారు. ఆ ఆరు నెలలు ఈ రోజునుండే లెక్క.

మరొక పెద్దమనిషి, ఇప్పటికే ఒక కన్సల్టెన్సీకి యాభై వేలు అడ్వాన్సు కట్టామని, మిగతాది కట్టకపోతే ఆ యాభై పోతాయని అన్నారు. కాగితాలు ఇంకా తయారు కాలేదు, అబ్బాయి ఎక్కడా సంతకం పెట్టలేదు. అట్లాగైతే మిగతాది కట్టవద్దని, కట్టిన రశీదుగాని, ఫోన్ పే వివరంగాని ఉంటే భద్రపరచి, డబ్బు వాపసు ఇమ్మని రాతపూర్వకంగా అడగమని చెప్పాను. రేపు ఉదయం పది గంటలకు ఆయన, నేను, మన సంఘంలోని న్యాయవాది మిత్రులొకరు కలిసి ఆ ఉత్తరం రాస్తున్నాం. ఇట్లాంటి పరిస్థితిలో ఇంకెవరైనా ఉంటే అదే సమయానికి సంఘం ఆఫీసుకు రావచ్చు. రశీదులు వెంట తెచ్చుకోండి.